బ్రౌజర్ల పోటీలో తెలుగు అక్షరం

అచ్చుపత్రికలో అక్షరం ఎలా కనబడాలన్నది పాఠకుడికి చేరకముందే ముద్రణాలయంలో తేలిపోతుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1914 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి ఆంధ్రపత్రికను దినపత్రికగా వెలువరించిన కాలంలో, ఏ ఒత్తు ఏ అక్షరం కింద ఎంత ఎడంలో పడాలో కంపోజిటర్ ఒకసారి కూర్చి బిగించాక, ఆ ప్రతిని మైలాపూరులో చదివినా మచిలీపట్నంలో చదివినా పుట ఒకే రూపంలో ఉండేది. పంతులుగారి నివాసమైన శ్రీబాగ్ మైలాపూరులోని లజ్ ప్రాంతంలోనే ఉండేది. ఆ ప్రాంతంలో ఆయన పేరిట వెలసిన నాగేశ్వరరావు పార్కులో కూర్చుని నేడు ఎవరైనా ఫోనులో తెలుగు వార్త చదివితే, వారి ఫోనుకు చేరేది అక్షరాలకు గుర్తులుగా నిలిచే అంకెల వరుస, దానితోపాటు కూర్పుకు సంబంధించిన సూచనలు మాత్రమే. వాటిని ఆ క్షణంలో, ఆ ఫోనులోనే పుటగా కూర్చే పని బ్రౌజర్‌ది. వెబ్ పుటకు కంపోజిటర్ పాఠకుడి చేతిలోనే ఉన్నాడు. ఆ కంపోజిటర్‌ను తయారుచేసే సంస్థలు ఎన్ని, వాటి మధ్య పోటీ ఎంత, వాటిలో తెలుగు లిపి తెలిసి పనిచేసేవారు ఎందరు అన్న ప్రశ్నలు అందువల్ల తెలుగు చదివే ప్రతివారికీ సంబంధించినవి.

ఈ పని ఎంత సూక్ష్మమైనదో ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరాన్ని చూస్తే తెలుస్తుంది. ప్రపంచ లిపులన్నిటికీ ఒకే సంకేతపట్టికగా రూపొంది, 1991లో వచ్చిన తొలి సంచికనుంచే తెలుగుకు చోటిచ్చిన యూనికోడ్‌లో, ఈ అక్షరం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకార గుణింతం అనే ఆరు సంకేతాలుగా నమోదవుతుంది. ఆ ఆరింటినీ ఒక సకారంగా, దానిపై గుడిదీర్ఘంగా, కింద తావత్తుగా, పక్కన రావత్తుగా మలిచేందుకు ఫాంటులో పొందుపరిచిన నియమాలను చదివి అమలుచేసే ప్రోగ్రాము ఒకటి కావాలి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఇందుకు హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును వాడుతుండగా, ఆపిల్ సంస్థ సఫారీ బ్రౌజర్ తన సొంత కోర్‌టెక్స్ట్‌పై ఆధారపడుతుంది. ఇలాంటి భాగాలనేకం కలిసి, వచ్చిన సంకేతాలను చదివి, పుటను కూర్చి, తెరమీద గీసే యంత్రాంగాన్ని బ్రౌజర్ ఇంజిన్ అంటారు. చిరునామా పెట్టె, ట్యాబులు, బొత్తాలు పైకి కనిపించే తొడుగు మాత్రమే కాబట్టి, పోటీ తొడుగుల మధ్య ఉందా, ఇంజిన్ల మధ్య ఉందా అన్న భేదాన్ని విడదీసి చూడనిదే బ్రౌజర్ల చరిత్ర అర్థం కాదు.

టిమ్ బెర్నర్స్-లీ 1990లో తొలి బ్రౌజర్ రాశాక, 1993లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన మొజాయిక్ బొమ్మలతో కూడిన వెబ్‌ను సామాన్యులకు చేరువ చేసింది. దాని రూపకర్తల్లో కొందరు స్థాపించిన నెట్‌స్కేప్ 1994 చివర మార్కెట్లోకి వచ్చి రాజ్యమేలుతుండగా, మైక్రోసాఫ్ట్ 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను తెచ్చి, క్రమంగా దాన్ని విండోస్‌తో కలిపి ఉచితంగా ఇవ్వడంతో నెట్‌స్కేప్ పతనమైంది. ఈ కథ తరచుగా చెప్పేదే. తెలుగు పాఠకులమీద ఆ పోటీ చూపిన ప్రభావం గురించి మాత్రం చెప్పినవారు తక్కువ.

1990ల చివర తెలుగు పత్రికలు వెబ్‌లోకి అడుగుపెట్టేనాటికి పాఠకుల కంప్యూటర్లలో తెలుగు ఫాంట్లు లేవు, యూనికోడ్ తెలుగును కూర్చే శక్తి విండోస్‌కు ఇంకా రాలేదు. పుటతోపాటే ఫాంటును కూడా పంపితే ఈ ఇబ్బంది తీరుతుందన్న ఆలోచనతో డైనమిక్ ఫాంట్లు వచ్చాయి; అయితే మైక్రోసాఫ్ట్ ఒక రకం ఫాంటు ఫైలును, నెట్‌స్కేప్ మరో రకాన్ని ఎంచుకోవడంతో, ఒక బ్రౌజర్‌కోసం తయారైన తెలుగు పుట మరోదానిలో అర్థంలేని రోమను అక్షరాల గుంపుగా కనిపించేది. ఎక్స్‌ప్లోరర్ గెలిచాక అనేక తెలుగు సైట్లు దానికి మాత్రమే పనికివచ్చేలా తయారయ్యాయి. అంతకన్నా లోతైన నష్టం మరొకటి జరిగింది. ఒక్కో పత్రిక తన ఫాంటుకు తానే సంకేతాలు కేటాయించుకోవడంవల్ల, తెరమీద తెలుగుగా కనిపించే వార్త కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాకుండా పోయింది. శోధనయంత్రాలకు అది దొరకదు, వేరొక చోటికి నకలు చేస్తే చదవడానికి రాదు, ఫాంటు మారితే పాత సంచికలన్నీ మూగబోతాయి. ఒక దశాబ్దంపాటు వెలువడిన తెలుగు వార్తాసాహిత్యంలో చాలా భాగం ఈ విధంగా వెతకడానికి వీలులేని స్థితిలో చిక్కుకుంది.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగు ప్రవేశించినా, క్లిష్టలిపుల మద్దతును వాడుకరి ప్రత్యేకంగా ఎంచుకుని స్థాపించుకోవలసి వచ్చేది. అందుకు విండోస్ సీడీ దగ్గరుండాలి. మరోవైపు బ్రౌజర్ల రంగంలో నిశ్చలత నెలకొంది. తొంభై శాతానికి పైగా వాడకం చేజిక్కించుకున్న మైక్రోసాఫ్ట్, 2001 ఆగస్టులో ఎక్స్‌ప్లోరర్ ఆరో సంచిక విడుదల చేశాక 2006 అక్టోబరు వరకు, అంటే ఐదేళ్లపాటు, తరువాతి సంచికను తేలేదు. పోటీ లేనప్పుడు వెబ్ ఎలా ఆగిపోతుందో చూపేందుకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కరలేదు.

ఈ నిశ్చలతను ఛేదించినది, నెట్‌స్కేప్ 1998లో తన సోర్స్ కోడ్‌ను బహిరంగపరచడంతో మొదలైన మొజిల్లా కృషి. దాని ఫలంగా 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ తొలి పూర్తి సంచిక వెలువడింది. ఎవరైనా చిన్న ప్రోగ్రాము రాసి దాని శక్తిని పెంచుకునే పొడిగింతల సౌకర్యం అందులో ఉండటం తెలుగుకు ఎంతో మేలు చేసింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు పునాది వేసిన వెన్న నాగార్జున, పద్మ అనే పొడిగింతను రూపొందించి, పత్రికల సొంత ఫాంట్లలోని పుటలను పాఠకుడి తెరమీదే యూనికోడ్ తెలుగులోకి మార్చే ఏర్పాటు చేశారు. ఎక్స్‌ప్లోరర్‌కే పరిమితమైన వార్తను ఫైర్‌ఫాక్స్‌లో చదవగలగడమే కాక, ఆ పాఠ్యాన్ని నిజమైన తెలుగుగా దాచుకునే అవకాశమూ దానివల్ల కలిగింది. పత్రికల యాజమాన్యాలు చేయవలసిన పనిని ఒక పాఠకుడు స్వచ్ఛందంగా చేసిన ఆ ఘట్టానికి తెలుగు సాంకేతిక చరిత్రలో దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదు.

ఫాంట్ల చిక్కుకు శాశ్వత పరిష్కారం ఉమ్మడి ప్రమాణం ద్వారానే సాధ్యమైంది. వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2012 డిసెంబరులో ఆమోదించిన ‘వాఫ్’ అనే ఫాంటు రూపాన్ని ప్రధాన బ్రౌజర్లన్నీ అంగీకరించడంతో, ఒకే ఫాంటు ఫైలు అన్నిచోట్లా పనిచేసే స్థితి వచ్చింది. సిలికానాంధ్ర చొరవతో వెలువడిన మండలి, రామరాజ, సూరన్న వంటి స్వేచ్ఛా ఫాంట్లు నేడు ఏ తెలుగు సైటులోనైనా వాడుకునే వీలుండటానికి ఆ అంగీకారమే ఆధారం. పోటీ కొత్తదనాన్ని తెస్తే, ప్రమాణం దాన్ని అందరి సొత్తు చేస్తుంది. తెలుగు విషయంలో మొదటిది మాత్రమే ఉన్న కాలం ఎంత నష్టం తెచ్చిందో డైనమిక్ ఫాంట్లు చూపాయి.

ఫోన్లలో కథ వేరొక దారిన నడిచింది. తెలుగు మద్దతు లేని చిన్న ఫోన్లలో ఒపేరా మినీ అనే బ్రౌజర్ పుటను తన సర్వర్లలోనే కూర్చి, కుదించి పంపేది. అందులో క్లిష్టలిపులను బొమ్మలుగా చూపే ఒక అమరిక ఉండటంతో, ఫాంటు లేని ఫోనులోనూ తెలుగు చదవగలిగేవారు. డేటా పొదుపు చేసే యూసీ బ్రౌజర్ ఒక దశలో దేశంలో మొబైల్ వాడకంలో అగ్రస్థానానికి చేరి, 2020 జూన్ 29న ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో ఒకటిగా నిష్క్రమించింది.

ఇప్పటి స్థితికి మూలం 2008 సెప్టెంబరు 2న గూగుల్ విడుదల చేసిన క్రోమ్. మద్రాసులో పెరిగిన సుందర్ పిచాయ్ ఆ ప్రయత్నానికి సారథ్యం వహించినవారిలో ముఖ్యుడు. వెబ్ పుటలకు చలనాన్నిచ్చే జావాస్క్రిప్ట్ భాషను నేరుగా యంత్రభాషలోకి మార్చి నడిపే వీ8 అనే భాగంతో వేగంలో అది అందరినీ మించింది. తొలుత ఆపిల్ వారి వెబ్‌కిట్ ఇంజిన్‌నే వాడిన గూగుల్, 2013లో దాన్నుంచి చీలి బ్లింక్ పేరిట సొంత ఇంజిన్ నిర్మించుకుంది. క్రోమ్‌కు ఆధారమైన క్రోమియంను ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు కాబట్టి, ఒపేరా అదే సంవత్సరం సొంత ఇంజిన్‌ను వదిలి దాన్ని ఆశ్రయించింది. 2015లో ఎడ్జ్‌ను సొంత ఇంజిన్‌తో తెచ్చిన మైక్రోసాఫ్ట్ కూడా 2020 జనవరిలో దాన్ని క్రోమియంపైకి మార్చింది. బ్రేవ్, వివాల్డీ, శామ్‌సంగ్ బ్రౌజర్లదీ అదే దారి. పేర్లు పదులకొద్దీ ఉన్నా, పెద్దఎత్తున వాడకంలో ఉన్న ఇంజిన్లు నేడు మూడే: బ్లింక్, ఆపిల్ వెబ్‌కిట్, మొజిల్లా గెకో.

ఇంజిన్ ఎంపిక లేకపోతే జరిగేదేమిటో 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచానికి చూపింది. ‘జ్ఞా’ అనే రూపాన్ని, మధ్యలో కంటికి కనబడని ఒక విడదీత గుర్తుతో కలిపి పంపితే, దాన్ని కూర్చబోయి ఆపిల్ కోర్‌టెక్స్ట్ కుప్పకూలేది. సందేశం అందుకున్న ఐఫోనులో ఆ యాప్ మూతపడేది. ఆ గుర్తు లేని మామూలు ‘జ్ఞానం’ వంటి పదాలకు ఏ ఇబ్బందీ లేకపోయినా, ప్రపంచ పత్రికలు దాన్ని ప్రమాదకరమైన తెలుగు అక్షరంగా ప్రచారం చేశాయి. లోపం అక్షరానిది కాదు, దాన్ని సరిగా పరీక్షించని ప్రోగ్రాముది. ఆపిల్ ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేసింది. గమనించవలసిన సంగతేమిటంటే, ఐఫోనులో పనిచేసే ఏ బ్రౌజరైనా ఆపిల్ ఇంజిన్‌నే వాడాలన్న నియమం ఉండటంతో, అక్కడి క్రోమ్ అయినా ఫైర్‌ఫాక్స్ అయినా పేరుకే వేరు. వాటిని ఎంచుకున్నవారికీ కోర్‌టెక్స్ట్ తప్పలేదు. ఐరోపా సమాఖ్య చట్టం ఒత్తిడితో 2024 మార్చిలో ఆ నియమాన్ని ఆపిల్ ఐరోపాలో సడలించింది.

బ్రౌజర్ల పోటీకి వెనుక డబ్బు సంగతి కూడా ఉంది. బ్రౌజర్ ఉచితం, ఆదాయం వచ్చేది అందులోని శోధన పెట్టెనుంచి. తన శోధనయంత్రాన్ని సఫారీలో ముందుగా అమర్చినందుకు గూగుల్ ఆపిల్‌కు 2022లో చెల్లించినది 2,000 కోట్ల డాలర్లని అమెరికా న్యాయస్థానంలో వెల్లడైంది. మొజిల్లా ఆదాయంలో అధికభాగం కూడా గూగుల్ చెల్లింపే కాబట్టి, క్రోమ్‌కు మిగిలిన ప్రధాన స్వతంత్ర పోటీదారు క్రోమ్ యజమాని డబ్బుతోనే నిలబడి ఉన్నాడు. శోధనరంగంలో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకుందని న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టులో తీర్పిచ్చినా, 2025 సెప్టెంబరులో పరిహార చర్యలు ప్రకటించేటప్పుడు క్రోమ్‌ను అమ్మివేయాలన్న ప్రభుత్వ కోరికను తిరస్కరించి, ఇతరులకు చోటివ్వని ఒప్పందాలను మాత్రం నిషేధించారు.

ఈ నేపథ్యంలో చెన్నైనుంచి వచ్చిన ప్రయత్నాన్ని పరిశీలించాలి. 1996లో అడ్వెంట్‌నెట్‌గా మొదలై జోహోగా పేరు మార్చుకున్న చెన్నై సంస్థ 2023 మే నెలలో ఉలా అనే బ్రౌజర్‌ను విడుదల చేసింది. వాడుకరి ఏయే సైట్లు చూస్తున్నాడో వెంబడించి ప్రకటనదారులకు అమ్మే పద్ధతిని అడ్డుకోవడం దాని ముఖ్యోద్దేశం. ఉద్యోగం, సొంత వాడకం, పిల్లలు, ప్రోగ్రామర్ల అవసరాలు వంటివాటికి విడివిడి విధానాలున్నాయి. అదే సంవత్సరం ఆగస్టులో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ స్వదేశీ బ్రౌజర్‌కోసం పోటీ ప్రకటించి, 2025 మార్చిలో ఫలితాలు వెల్లడించగా, కోటి రూపాయల ప్రథమ బహుమతి జోహోకే దక్కింది.

ఆ పోటీలో విధించిన షరతుల్లో ఒకటి వివరించదగినది. ఒక బ్యాంకు సైటు నిజంగా ఆ బ్యాంకుదేనని చెప్పే డిజిటల్ ధ్రువపత్రాన్ని బ్రౌజర్ నమ్మాలంటే, ఆ పత్రం జారీచేసిన సంస్థకు మూలమైన రూట్ ధ్రువపత్రం బ్రౌజర్‌లో ముందే ఉండాలి. ఏ మూలాలను నమ్మాలో నిర్ణయించేది గూగుల్, మొజిల్లా, ఆపిల్, మైక్రోసాఫ్ట్. భారత ధ్రువీకరణ సంస్థల నియంత్రకుడి మూలం స్వదేశీ బ్రౌజర్‌లో ఉండాలన్నది షరతు. స్వాధీనత దృష్ట్యా ఆ కోరిక సమంజసమే. కాని 2014 జూలైలో ఆ మూలం కింద పనిచేసే జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం (ఎన్ఐసీ) నుంచి గూగుల్ పేరిట అనధికార ధ్రువపత్రాలు వెలువడినట్టు బయటపడి, దానిపై నమ్మకాన్ని క్రోమ్ కొద్ది సైట్లకే పరిమితం చేసిన సంగతి మరువరానిది. నమ్మకం చట్టంతో రాదు, కట్టుదిట్టమైన తనిఖీతో వస్తుంది.

ఇక మూలప్రశ్న ఇంజిన్‌ది: ఉలా కూడా క్రోమియంపై నిర్మితమైనదే. అంటే గోప్యత విషయంలో అది గూగుల్‌కు నిజమైన పోటీ. కూర్పు ఇంజిన్ విషయంలో కాదు. లక్షల వరుసల కోడ్‌ను సున్నానుంచి రాయడం మైక్రోసాఫ్ట్‌కే భారమైనప్పుడు జోహోను తప్పుపట్టడం న్యాయం కాదు. కాని స్వదేశీ అన్న మాటకు ఎంత అర్థముందో పాఠకులు తెలుసుకోవాలి. క్రోమియంను తీసుకున్న భారతీయ సంస్థ, భారతీయ లిపుల లోపాలను సవరించి ఆ మార్పులను తిరిగి మూలంలో చేర్పించగలిగితే, తొడుగు మార్చడంకన్నా ఎక్కువ ప్రయోజనం సిద్ధిస్తుంది.

కొత్త వెబ్ సాంకేతికతలు ఈ చర్చను మరింత అవసరం చేస్తున్నాయి. నెట్‌వర్కు లేనప్పుడూ పనిచేస్తూ, స్టోరుతో పనిలేకుండా ఫోనులో యాప్‌లా అమరే వెబ్‌సైట్లు 2015నుంచి వ్యాపించాయి. బెంగళూరుకు చెందిన ఫ్లిప్‌కార్ట్ ఆ సంవత్సరమే ఫ్లిప్‌కార్ట్ లైట్‌తో ఈ బాట పట్టిన తొలి పెద్ద సంస్థల్లో ఒకటి. సీ, రస్ట్ వంటి భాషల్లో రాసిన ప్రోగ్రాములను బ్రౌజర్‌లో దాదాపు సహజవేగంతో నడిపించే వెబ్‌అసెంబ్లీ 2019 డిసెంబరులో ప్రమాణమైంది. కంప్యూటర్‌లోని చిత్రలేఖన చిప్‌ను పుటకు నేరుగా అందించే వెబ్‌జీపీయూ 2023లో క్రోమ్‌లోకి, 2025లో ఫైర్‌ఫాక్స్, సఫారీల్లోకి వచ్చింది. మాటను రాతగా మార్చే కృత్రిమ మేధ నమూనాలను, శబ్దాన్ని ఏ సర్వరుకూ పంపకుండా పరికరంలోనే నడిపే అవకాశం దీనివల్ల కలుగుతుంది.

తెలుగుకు వీటన్నిటికన్నా దగ్గరగా తగిలే మార్పు మరొకటుంది. ‘స్త్రీ’లో అక్షరాలెన్నని జావాస్క్రిప్ట్‌ను అడిగితే చాలాకాలం ఆరనే జవాబు వచ్చేది. సంకేతాలను కాక అక్షరాలను లెక్కించే సెగ్మెంటర్ అనే సాధనం క్రోమ్‌లో 2020లో వచ్చినా, యూనికోడ్ నియమం పొల్లు దగ్గర తెగ్గొట్టడంతో అది మూడని చెప్పేది. 2023 సెప్టెంబరులో వెలువడిన యూనికోడ్ 15.1 సంచికలో, తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపుల్లో పొల్లుతో కలిసిన హల్లులను విడదీయరాదన్న నియమం చేరింది. దాన్ని అందిపుచ్చుకున్న బ్రౌజర్లలో జవాబు ఒకటి. పదకేళికలు, అక్షరపరిమితులు, పేరా తొలి అక్షరాన్ని పెద్దదిగా చూపే అలంకరణ, ఇవన్నీ ఈ లెక్కమీదే ఆధారపడతాయి. బడిలో పిల్లలకు చెప్పే అక్షరలక్షణాన్ని యంత్రం నేర్చుకోవడానికి ముప్పై ఏళ్లు పట్టింది. ఫైర్‌ఫాక్స్ ఈ సెగ్మెంటర్‌ను 2024లో గాని చేర్చలేకపోయింది. వనరుల్లేని పోటీదారు ఎంత వెనుకబడతాడో మూడేళ్లకు పైబడిన ఆ జాప్యం చెబుతుంది.

2025లో పోటీ కొత్త మలుపు తిరిగింది. చెన్నైలో పుట్టి ఐఐటీ మద్రాసులో చదివిన అరవింద్ శ్రీనివాస్ నేతృత్వంలోని పర్‌ప్లెక్సిటీ జూలైలో కామెట్‌ను, ఓపెన్‌ఏఐ అక్టోబరులో అట్లాస్‌ను తెచ్చాయి. వీటిలో బ్రౌజర్ పుటను చూపడంతో ఆగక, దాన్ని తానే చదివి, సారాంశం చెప్పి, వాడుకరి తరఫున టికెట్టు కొనడం వంటి పనులు చేస్తుంది. ఇవీ క్రోమియంపై నిర్మించినవే. పుటలో కనబడకుండా దాచిన వాక్యాన్ని యజమాని ఆజ్ఞగా పొరబడి, బ్రౌజర్ అతని రహస్య వివరాలను బయటపెట్టే ప్రమాదముందని బ్రేవ్ పరిశోధకులు కామెట్‌పై ప్రయోగించి చూపారు. చదివే పని కూడా యంత్రానిదైనప్పుడు, అది తెలుగును ఎంత సరిగా చదువుతుందన్నది అక్షరరూపంకన్నా పెద్ద ప్రశ్న అవుతుంది. బ్యాంకు లావాదేవీలను అలాంటి బ్రౌజర్‌కు అప్పగించడం ప్రస్తుతానికి తొందరపాటే.

సున్నానుంచి ఇంజిన్ రాసేవారు పూర్తిగా కనుమరుగు కాలేదు. మొజిల్లా 2012లో మొదలుపెట్టిన సర్వో నేడు లైనక్స్ ఫౌండేషన్ యూరప్ నీడలో పెరుగుతోంది. 2024లో లాభాపేక్షలేని సంస్థగా ఏర్పడిన లేడీబర్డ్ ఎవరి ఇంజిన్‌నూ అరువు తెచ్చుకోకుండా నిర్మాణమవుతోంది. రెండూ అక్షరాల కూర్పుకు హార్ఫ్‌బజ్‌నే వాడటంవల్ల తెలుగు ఒత్తులు, గుణింతాలు వాటికి అందుబాటులో ఉన్నాయి. ఇంజిన్లన్నీ ఒకే తీరుగా పనిచేస్తున్నాయో లేదో తేల్చేందుకు వెబ్ ప్లాట్‌ఫాం టెస్ట్స్ అనే ఉమ్మడి పరీక్షల భండారం ఉంది. ప్రమాణంలోని ఏ వాక్యాన్నైనా పరీక్షించే చిన్న పుటను రాసి ఎవరైనా అందులో చేర్చవచ్చు, ఒకసారి చేరిన పరీక్షలో తప్పిన ఇంజిన్ ఏదో అందరికీ బహిరంగంగా కనిపిస్తుంది. వరుస చివర సంయుక్తాక్షరం విరగకుండా ఉండటం, ఒత్తు కింది వరుసను తాకకుండా వరుసల మధ్య ఎడం సరిపోవడం, తొలి అక్షరపు అలంకరణలో ‘స్త్రీ’ చీలిపోకుండా నిలవడం వంటి అంశాలకు తెలుగు తెలిసినవారే పరీక్షలు రాయగలరు. అందుకు అవసరమైన వెబ్ విద్య తెలిసిన తెలుగు యువత చెన్నైలోనూ, హైదరాబాదులోనూ, విశాఖపట్నంలోనూ కావలసినంత ఉంది.